“ఇది పోకీమాన్ కాదు, రాయగడ డైరీ” అన్నారు. నేనేం చేయాలి?

నాగావళి_పికా

2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకీమాన్ మొదలైనప్పుడు నాకు పదేళ్లు, దాని కథానాయకుడు ఆష్‌కూ పదేళ్లు. ఇప్పుడు నాకు నుదురు వెనక్కి జరుగుతోంది, ఆష్‌కు ఇంకా పదేళ్లే. పాత జోకే, తెలుసు. అసలు సంగతికి వస్తాను.

2009 నుంచి తెలుగులో పోకీమాన్ ఫ్యాన్‌ఫిక్షన్ (అభిమానులు అవే పాత్రలతో అల్లుకునే కథలు) రాస్తున్నాను. ‘నాగావళి ప్రాంతం’ అని ఒకటి కల్పించుకున్నాను. కథానాయిక గౌరి, ఒడిశాలోని రాయగడ పిల్ల. (మజ్జిగౌరమ్మ ఊళ్లో గౌరి అన్న పేరు కోసం వెతుక్కోనక్కరలేదు.) హాతీపత్థర్ దగ్గర, నదిలో ఏనుగుల్లా పడుకున్న ఆ రెండు బండల మధ్య ఆమెకు ఏనుగు పోలిక ఉన్న పోకీమాన్, డాన్‌ఫాన్ దొరుకుతుంది. అక్కడి నుంచి కథ. ఇప్పటికి 112 భాగాలయ్యాయి. క్రమం తప్పకుండా చదివేవాళ్లు నలభై మంది ఉంటారు. అందులో ఒకరు మా అమ్మ.

పోయిన వారం పెట్టిన భాగంలో గౌరి, ఆష్ స్నేహితురాలు మిస్టీ రాత్రి బండి కోసం రాయగడ స్టేషనులో కూర్చుని పఖాళ (నీళ్లు పోసిన అన్నం) తింటారు. పక్కన వేయించిన ఎండు చేప, ఉల్లిపాయ. దాని కింద ఒకాయన ఇలా రాశారు: “ఇది పోకీమాన్ కాదు, రాయగడ డైరీ. పైగా తెలుగు నిండా ఒరియా వాసన. ఆష్ కూడా 2023లో వెళ్లిపోయాడు, తమరు ఎప్పుడు వెళ్తారు?”

మొదటి మాటకు కోపం వచ్చింది. మూడో మాటకు నవ్వు వచ్చింది. రెండో మాటకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే అది నిజం. నేను పదో తరగతి దాకా ఒడియా మాధ్యమంలో చదివాను. తెలుగు అక్షరాలు పదిహేనో ఏట అమ్మ దగ్గర నేర్చుకున్నాను, ఆవిడ పార్వతీపురం నుంచి తెచ్చుకున్న పాత వారపత్రికల కట్ట ముందేసుకుని. రాసినది ఎవరికైనా చూపించాలి కదా. ఇంట్లో చదివే ఓపిక ఆవిడకే ఉంది, ఆవిడకు ఒడియా చదవడం రాదు. అందుకని తెలుగు. ఇందులో భాషాభిమానం వంటి పెద్ద విషయమేమీ లేదు.

ఇప్పుడు మీరు చెప్పండి. ఒడియాలోకి మారిపోవాలా? ఎవరితోనైనా దిద్దించుకుని పెట్టాలా? పఖాళను చద్దన్నం చేయాలా? లేక ఆయన అన్నట్టు దుకాణం కట్టేయాలా?

పోరిగాన్_నిర్దోషి

112 భాగాలూ చదివాను. ఒక్కదానిలోనూ పోరిగాన్ లేదు. నా ఫిర్యాదు అది ఒక్కటే.

గుణుపురం_గెంగార్

ఒరియా వాసన సంగతి సరే గానీ తమ్ముడూ, ఆయన నీ 37వ భాగం చదివినట్టు లేరు. “పికాచూ గబగబా గౌరి మేడ ఎక్కి కూర్చుంది” అని రాశావు. గౌరిది తాటాకు ఇల్లని రెండో భాగంలో నువ్వే చెప్పావు. ఈ పిల్ల మేడ ఎప్పుడు కట్టింది, ఆ డబ్బు ఎక్కడిది, దొంగల ముఠా టీమ్ రాకెట్‌తో ఏమైనా లాలూచీ పడిందా అని రెండు రోజులు ఆలోచించాను. ‘మెడ’ అని తరువాత వెలిగింది.

నాగావళి_పికా

@గుణుపురం_గెంగార్ అక్కా, దానికి కారణం ఉంది. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒకటే అక్షరం. ఒ, ఓ కూడా అంతే. పదేళ్లు ఒకే అక్షరంతో గడిపిన చేతికి ఇక్కడ రెండు కనిపిస్తే ఏది పెట్టాలో తోచదు. చెవికి తేడా తెలుస్తుంది, చేతికి తెలియదు. అమ్మ పట్టుకున్నవి పోగా మిగిలినవి మీ దాకా వస్తాయి.

సిరోంచ_స్నార్లాక్స్

నాదీ అదే రోగం. మాది గడ్చిరోలి జిల్లా, చదువు మరాఠీ. అక్కడా ఎ, ఏ ఒకటే. “స్నార్లాక్స్ నేల పట్టి పడుకుంది” అని రాయబోయి “నెల పట్టి పడుకుంది” అని రాశాను. ఒక్కరూ తప్పు పట్టలేదు. స్నార్లాక్స్ కదా, పడుకునే ఉంటుందనుకున్నారు.

పోరిగాన్_నిర్దోషి

ఆ వాక్యం దిద్దకండి. అదే సరైనది.

మల్కన్‌గిరి_మ్యూ

నాకు పందొమ్మిదేళ్లు. ఆష్ వెళ్లిపోయాడని మీ తరం వాళ్లు ఏడుస్తూనే ఉన్నారు, మా ఇంట్లో చెల్లెలికి లికో, రాయ్ తప్ప ఎవరూ తెలియదు. ఆష్ ఫొటో చూపిస్తే “ఈ అబ్బాయి ఎవరు?” అని అడిగింది. ఆష్ కథ 2023 మార్చిలో ముగిసింది, ఏప్రిల్‌లో కొత్తవాళ్లు వచ్చేశారు. నెల కూడా ఆగలేదు. వాళ్లే అంత తొందరగా సర్దుకుంటే మనం ఎందుకు ఆగాలి? రాయండి అన్నా.

గుణుపురం_గెంగార్

“ఈ అబ్బాయి ఎవరు?” గుండె మీద కొట్టావు.

జయపురం_జెస్సీ

ముందు పఖాళ సంగతి తేల్చాలి. చద్దన్నం వేరు, పఖాళ వేరు. చద్దన్నం అంటే నిన్నటిది. పఖాళ అప్పుడే వండిన అన్నంలో నీళ్లు పోసుకుని కూడా తింటారు. మా అత్తవారు బొబ్బిలివాళ్లు, వాళ్లు తరవాణి అంటారు, అది పులియాలి. మూడింటికీ మూడు రుచులు. గౌరి తిన్నది పఖాళ అయితే పఖాళ అనే రాయాలి. పేరు మార్చితే తిండి మారిపోతుంది.

ఇంకో సంగతి. మొదటి కార్యక్రమాన్ని ఇంగ్లిషులోకి మార్చిన అమెరికావాళ్లు ఏం చేశారో గుర్తుందా? ఆష్ స్నేహితుడు బ్రాక్ చేతిలో శుభ్రంగా జపాను అన్నం ముద్ద ఉంటుంది, మూడు మూలల ముద్ద, కింద నల్లటి నాచు ఆకు చుట్టి. దాన్ని పట్టుకుని అతను “జామ్ పెట్టిన డోనట్లంటే నాకు ఎంత ఇష్టమో” అంటాడు. అన్నం ముద్దను డోనట్ అన్నప్పుడు లేచి అడగని లోకం, అన్నాన్ని అన్నమన్నందుకు రాయగడవాడి మీద పడిందా?

సిరోంచ_స్నార్లాక్స్

డోనట్ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు డోనట్ అంటే తెలియదు. ఆ అన్నం ముద్దనే డోనట్ అంటారనుకున్నాను. చంద్రపూర్‌లో ఒక బేకరీలో అడిగి మరీ మోసపోయాను.

పర్లాకిమిడి_పంతులు

మా మనవరాలు ఈ చర్చ చూపించింది. పోకీమాన్ అనగా ఏమిటో నాకు తెలియదు; ఆమె చెప్పినదాన్ని బట్టి జేబులో పట్టే జంతువులని అర్థమైంది. కనుక దాని జోలికి పోను. కానీ “తెలుగులో ఒరియా వాసన” అన్న మాట దగ్గర ఆగాను.

నాయనా, వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఉద్యోగం చేసినది మా ఊళ్లోనే. బడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనులతో కూర్చుని వారి భాష నేర్చుకున్నారు, ఆ భాషకు నిఘంటువు చేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. జనం మాట్లాడే తెలుగే రాయాలని వాదించిన మనిషికి చుట్టూ వినబడినది ఏ తెలుగు? ఒడియా, సవర పక్కపక్కన మసలే తెలుగు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మేము వెళ్లలేదు.

అయితే నీ తప్పులను నేను సమర్థించను. మెడకు, మేడకు తేడా ఉండాలి. అది వాసన కాదు, అజాగ్రత్త. రాసినది రెండు రోజులు పక్కన పెట్టి, పైకి చదువుకో. చెవికి తేడా తెలుస్తుందని నువ్వే అన్నావు కదా.

నాగావళి_పికా

పంతులు గారూ, పైకి చదవడం ఈ రోజే మొదలుపెట్టాను. దుకాణంలో జిరాక్సుకు వచ్చినవాళ్లు వింతగా చూస్తున్నారు.

మల్కన్‌గిరి_మ్యూ

“జేబులో పట్టే జంతువులు” అన్నది అక్షరాలా నిజం తాతగారూ. పాకెట్, మాన్‌స్టర్ అన్న రెండు మాటలు కలిపి కుదించిన పేరే పోకీమాన్.

కాంటో_కాపలాదారు

ఆ వ్యాఖ్య రాసినది నేనే. ఇంతమంది చుట్టుముడతారనుకోలేదు. దుకాణం కట్టేయమన్నది నోటి తీట, ఆ మాట వరకు వెనక్కి తీసుకుంటాను. మిగతా రెండూ తీసుకోను.

నాకూ ఈ పిచ్చి ఇరవై ఏళ్లది. కోరాపుట్‌లో పుట్టాను, ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటున్నాను. కాబట్టి రాయగడ తెలియక అన్న మాట కాదు. పోకీమాన్ లోకానికి దాని హద్దులు దానికి ఉన్నాయి. అక్కడ కాంటో ఉంది, జోతో ఉంది. ఈస్ట్ కోస్ట్ రైల్వే లేదు. నాకు రాయగడ స్టేషను కావాలంటే టికెట్టు కొని వెళ్లి చూస్తాను. కథలోకి వెళ్లేది స్టేషను నుంచి తప్పించుకోవడానికి. అక్కడా ఎండు చేప వాసన కొడితే ఇక వెళ్లడం ఎందుకు?

జయపురం_జెస్సీ

పుట్టింది కోరాపుట్‌లో, ఎండు చేప వాసన పడదు. ఇంటిపేరు చెప్పండి, ఆరా తీస్తాం.

సిరోంచ_స్నార్లాక్స్

@కాంటో_కాపలాదారు మీ మాటలో న్యాయం లేకపోలేదు, కానీ ఎంచుకున్న ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతుంది. కాంటో కల్పించిన పేరు కాదు. జపానులో టోక్యో ఉన్న ప్రాంతాన్ని నిజంగానే కాంటో అంటారు. జోతోకు మూలం క్యోటో, ఒసాకాల చుట్టుపక్కల నేల. హోయెన్ అంటే క్యుషు దీవి, సిన్నో అంటే హొక్కైడో. ఆ తరువాత జపాను దాటి యునోవాకు న్యూయార్క్, కలోస్‌కు ఫ్రాన్సు, అలోలాకు హవాయి, గలార్‌కు బ్రిటన్, పల్దేయాకు స్పెయిన్ వైపు. ప్రతిసారీ ఎవరో ఒకరి ఊరే. న్యూయార్క్ వంతెనలు రావచ్చు, నాగావళి వంతెన రాకూడదా?

దీన్ని తయారుచేసిన సతోషి తజిరి చిన్నప్పుడు టోక్యో పొలిమేరలో పురుగులు పట్టుకుంటూ తిరిగిన పిల్లవాడు. చెరువులు, పొలాలు పూడ్చి కట్టడాలు లేపేస్తుంటే, ఆ పురుగుల వేట ఇప్పటి పిల్లలకు దొరకడం లేదని ఈ ఆట వైపు వచ్చాడు. 1996లో వచ్చిన మొదటి ఆటల్లో 151 జీవులు, ఇప్పుడు వెయ్యి దాటాయి. మొదలైంది మాత్రం ఒకడి ఊరి చెరువు గట్టు మీద. జపానులో ఆష్ పేరు కూడా సతోషియే. ఆ లెక్కన అసలు కథే ఒకడి ఊరి డైరీ.

కాంటో_కాపలాదారు

అవన్నీ తెలుసు. కానీ వాళ్లు ఊళ్లను మార్చి తీసుకున్నారు. టోక్యో స్టేషనును పేరు పెట్టి తేలేదు, సాఫ్రన్ నగరం చేశారు. ఈయన రాయగడను రాయగడగానే దించారు, రెండో నంబరు ప్లాట్‌ఫారంతో సహా. నా అభ్యంతరం అక్కడ.

మల్కన్‌గిరి_మ్యూ

పేరు పెట్టి తెచ్చినవీ ఉన్నాయి కదా. మొదటి ఆటలో పాడుబడ్డ భవనంలో దొరికే కాగితాల్లో మ్యూను దక్షిణ అమెరికాలోని గయానా అడవుల్లో కనుగొన్నారని రాసి ఉంటుంది. గయానా అని పేరు పెట్టి మరీ. నా హ్యాండిల్ మ్యూ కాబట్టి ఇది నాకు కంఠతా వచ్చు. పైగా పికాచూ ఎదిగితే అయ్యే రైచూ గురించిన వివరంలో ఏముంది? దాని కరెంటు భారతీయ ఏనుగును కూడా పడగొట్టగలదని. భారతీయ ఏనుగు! డాన్‌ఫాన్ ఉన్న లోకంలో మళ్లీ మన ఏనుగు ఎక్కడి నుంచి వచ్చింది?

గుణుపురం_గెంగార్

హాతీపత్థర్ నుంచి.

నాగావళి_పికా

ఇది నాకు తెలియదు! 113వ భాగం మొదటి వాక్యం దొరికింది.

పోరిగాన్_నిర్దోషి

ఏనుగు వచ్చింది, గయానా వచ్చింది. ఇక పోరిగాన్ ఒక్కటే రావాలి.

పర్లాకిమిడి_పంతులు

ఈ పోరిగాన్ ఎవరు? ఏ నేరం మోపారు?

పోరిగాన్_నిర్దోషి

అడిగినందుకు ధన్యవాదాలు పంతులు గారూ. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

1997 డిసెంబరు 16న జపానులో ఒక భాగం ప్రసారమైంది. అందులో ఎరుపు, నీలం వెలుగులు తెర నిండా టపటపా మెరిశాయి. చూస్తున్న పిల్లలకు మూర్ఛ, తలనొప్పి, వాంతులు. 685 మందిని ఆసుపత్రులకు తీసుకెళ్లారు. కార్యక్రమం నాలుగు నెలలు ఆగిపోయింది. ఆ భాగంలో మొదటిసారి కనిపించిన పాపానికి పోరిగాన్ అప్పటి నుంచి మళ్లీ కథలో అడుగు పెట్టలేదు. దాని తరువాతి రూపాలకూ అదే శిక్ష.

కానీ ఆ మెరుపు ఎవరిది? దూసుకొస్తున్న క్షిపణులను పికాచూ తన పిడుగుతో పేల్చినప్పుడు వచ్చిన మెరుపు అది. పికాచూ విమానాల మీద బొమ్మగా ఊరేగుతోంది, పోరిగాన్ అజ్ఞాతంలో ఉంది. నేను బరంపురంలో ఉండి దీని మీద ఇప్పటికి 14 కథలు రాశాను. చదివినవాళ్లు ముగ్గురు.

పర్లాకిమిడి_పంతులు

అన్యాయమే. నాలుగోవాడిగా నన్ను రాసుకో.

గుణుపురం_గెంగార్

“ఎప్పుడు వెళ్తారు” అన్న ఆ మూడో మాట మీద నాకు చెప్పాల్సింది ఉంది. నేను ఒకసారి వెళ్లిపోయాను.

2005 నుంచి నోటు పుస్తకాల్లో రాసేదాన్ని. లావెండర్ పట్టణంలోని దెయ్యం పోకీమాన్ గెంగార్ వంశధార ఒడ్డుకు వచ్చి స్థిరపడడం నా కథ. ఆరు పుస్తకాలు నిండాయి. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అయినా ఆ ఆరు పుస్తకాలూ అటక మీద కాకుండా మంచం కింద రేకు పెట్టెలో పెట్టుకున్నాను, ఎప్పుడైనా తీసి చూసుకోవచ్చని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. గాలి కంటే నీళ్లు ఎక్కువ భయపెట్టాయి. వంశధార మా వీధిలోకి వచ్చింది. పిల్లలను, బియ్యాన్ని, మామగారి మందులను పైకి చేర్చాం. పెట్టె గుర్తు రాలేదు. గుర్తు వచ్చి ఉంటే ఆ సమయంలో నవ్వుకునేవాళ్లు.

నాలుగు రోజుల తరువాత డాబా మీద ఒక్కో కాగితం విడదీసి ఎండబెట్టాను. అప్పుడు ఒక విచిత్రం చూశాను. నేను యుద్ధాలు రంగు జెల్ పెన్నుతోను, మాటలు మామూలు బాల్‌పెన్నుతోను రాసేదాన్ని. జెల్ సిరా అంతా కొట్టుకుపోయింది, బాల్‌పెన్ను నిలిచింది. యుద్ధాలన్నీ పోయి కబుర్లు మిగిలాయి. గెంగార్ ఒడ్డున కూర్చుని జాలరివాడితో మాట్లాడుతూనే ఉంటుంది, ఎవరూ ఎవరినీ ఓడించరు. చదివితే అసలు కథ కంటే అదే బాగుంది. ఫోనులో తెలుగు కొట్టడం నేర్చుకుని ఆ మిగిలినదే ఇక్కడ పెట్టాను. మీరంతా “యుద్ధాలు లేకుండా రాయడం గొప్ప ప్రయోగం” అని మెచ్చుకున్నారే, ఆ ప్రయోగం నాది కాదు, వంశధారది.

జయపురం_జెస్సీ

అక్కా! ఆ కథ మీద నేను రెండు పేజీల విశ్లేషణ రాశాను! ‘మౌనంగా చేసిన ధిక్కారం’ అన్నాను!

గుణుపురం_గెంగార్

చదివాను. బాగుంది. చెప్పడానికి మొహమాటపడ్డాను.

సిరోంచ_స్నార్లాక్స్

పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. పాము పోకీమాన్ ఎకాన్స్ అంటే ఏముంది, ఇంగ్లిషు స్నేక్‌ను తిరగేశారు. అర్బోక్ అంటే కోబ్రా తిరగేసి. మరి తెలుగులో పామును తిరగేస్తే ‘ముపా’, నాగును తిరగేస్తే ‘గునా’. నేను నా కథల్లో గునా అని వాడుతున్నాను.

గుణుపురం_గెంగార్

మా ఊరి పేరుతో ఆటలు వద్దు.

జయపురం_జెస్సీ

హిట్‌మన్‌లీ, హిట్‌మన్‌చాన్ అనే పోరాట పోకీమాన్ల పేర్లు బ్రూస్ లీ, జాకీ చాన్‌ల మీద పెట్టినవి. అది ఇంగ్లిషులో. జపానులో అదే ఇద్దరికి అక్కడి కిక్‌బాక్సర్ పేరు, బాక్సర్ పేరు ఉన్నాయి. అంటే ఎవరికి తెలిసిన మల్లులను వాళ్లు పెట్టుకున్నారు. మనం పెట్టుకోవాలంటే వీరఘట్టం కోడి రామమూర్తి గారు ఉండనే ఉన్నారు. హిట్‌మన్‌మూర్తి. ఎవరైనా వాడుకోండి, హక్కులు నావి కావు.

మల్కన్‌గిరి_మ్యూ

హిట్‌మన్‌మూర్తి ఛాతీ మీద ఏనుగు నిలబడాలి. అప్పుడు రైచూ వస్తుంది.

సిరోంచ_స్నార్లాక్స్

మా తాలూకా గొప్ప కూడా చెప్పుకోనివ్వండి. ఆటల్లో రాతిలోని అవశేషాలను ప్రయోగశాలలో బతికించి కబూటో, ఓమనైట్, ఏరోడాక్టిల్ తీస్తారు కదా. మా సిరోంచ తాలూకాలో పోచంపల్లి అనే ఊరి దగ్గర నిజంగానే రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. బారాపాసారస్ టాగోరై. ‘బరా పా’ అంటే బెంగాలీలో పెద్ద కాలు. తవ్వకాలు టాగూరు శతజయంతి ఏడాదిలో మొదలయ్యాయని ఆయన పేరు కలిపారు. అస్థిపంజరం కలకత్తాలో భారత గణాంక సంస్థ మ్యూజియంలో నిలబెట్టారు. మా నేలలో దొరికినది చూడాలంటే మేము కలకత్తా రైలెక్కాలి. నా కథలో పిల్లవాడు చేసేది అదే, బారాపాను బతికించి ప్రాణహిత ఒడ్డుకు నడిపించుకుని వస్తాడు. ఆరు భాగాలయ్యాయి, ఇంకా నాగపూర్ దాటలేదు. అది చాలా నెమ్మదిగా నడుస్తుంది.

పోరిగాన్_నిర్దోషి

నెల పట్టి పడుకుంటోందేమో.

జయపురం_జెస్సీ

సరే, అందరూ మెచ్చుకున్నారు కాబట్టి ఇప్పుడు నేను తిడతాను. @నాగావళి_పికా, నీ కథకు పఖాళ చేటు చేయలేదు, తెలుగూ చేయలేదు. 112 భాగాల్లో గౌరి ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఎవరూ నీకు ఈ మాట చెప్పలేదా?

ఆష్‌ను చూడు. కాంటో లీగు పోయింది. జోతో, హోయెన్, సిన్నో, యునోవా, కలోస్ అన్నీ పోయాయి. 2019లో అలోలాలో గాని మొదటి లీగు గెలవలేదు. 1997లో మొదలుపెట్టినవాడు! ప్రపంచ విజేత అయ్యేసరికి 2022 నవంబరు. మనం ఇరవై ఏళ్లు వాడి వెంట ఎందుకు ఉన్నాం, గెలుస్తున్నాడనా? ఇక మా టీమ్ రాకెట్ సంగతి చెప్పనే అక్కరలేదు. జెస్సీ, జేమ్స్, మియావ్‌త్ ప్రతిసారీ ఆకాశంలో చుక్క అయిపోతారు, మరుసటి రోజు కొత్త వేషం కుట్టుకుని వస్తారు. ఆ వేషాలకు గుడ్డ డబ్బులు ఎక్కడివో ఆలోచించే నేను రాయడం మొదలుపెట్టాను. నా కథల్లో వాళ్లు జయపురం సంతలో దర్జీ దుకాణం నడుపుతారు, అప్పుల్లో ఉంటారు.

గౌరికి అప్పు లేదు, ఓటమి లేదు, ఆఖరికి జలుబు కూడా లేదు. రాయగడలో డిసెంబరు చలికి జలుబు చేయని మనిషిని చూపించు.

కాంటో_కాపలాదారు

ఒక్క సవరణ. ఆరెంజ్ దీవుల్లో ఆష్ అంతకు ముందే గెలిచాడు.

జయపురం_జెస్సీ

అది లీగు లెక్కలోకి రాదు.

కాంటో_కాపలాదారు

ట్రోఫీ ఇచ్చారు, కీర్తి మందిరంలో పేరు ఎక్కించారు. ఎందుకు రాదు?

జయపురం_జెస్సీ

రాదంటే రాదు.

వేదిక_కాపరి

ఆరెంజ్ దీవుల మీద ఇప్పటికే మూడు చర్చలు తాళం పడి ఉన్నాయి. నాలుగోది వద్దు.

కాంటో_కాపలాదారు

సరే. కానీ జెస్సీ గారు అన్న అసలు మాటతో ఏకీభవిస్తున్నాను. నేను ‘డైరీ’ అన్నది కూడా బహుశా అందుకే, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. డైరీలో రాసుకునేవాడు ఎప్పుడూ గెలుస్తూనే ఉంటాడు. స్టేషను ఉన్నందుకు కాదు, స్టేషనులో ఏమీ జరగనందుకు విసుగు వచ్చింది. వాళ్లు తిన్నారు, చేతులు కడుక్కున్నారు, బండి వచ్చింది, ఎక్కారు. బండి ఆలస్యం కూడా కాలేదు. అది మాత్రం ఏ లోకంలోనూ నమ్మలేను.

నాగావళి_పికా

రెండు రోజులు ఇటు రాలేదు. కోపంతో కాదు. అమ్మకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. జెస్సీ గారి తిట్టు దగ్గర ఆవిడ “ఆ అమ్మాయి చెప్పింది నిజమే” అన్నారు. “ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను. “నువ్వు గౌరిని గెలిపించిన రోజు అన్నం సరిగ్గా తింటావు, ఎందుకులే అని ఊరుకున్నాను” అన్నారు.

అది నిజమే కావచ్చు. 2009లో నేను పది తప్పాను. సప్లిమెంటరీ రాస్తూ ఒకటో భాగం రాశాను. గౌరి ఓడిపోతే చూడలేకపోయేవాడిని. తరువాత నేను గట్టెక్కాను గానీ ఆ అలవాటు ఆగిపోలేదు.

113లో ఓడిస్తున్నాను.

మల్కన్‌గిరి_మ్యూ

ఎవరి చేతిలో?

నాగావళి_పికా

చెబితే ఏముంటుంది.

జయపురం_జెస్సీ

కొటియా నుంచి వచ్చిన శిక్షకుడి చేతిలో ఓడించు. ఆ ఊళ్లు మావని ఒడిశా అంటుంది, మావని ఆంధ్ర అంటుంది కదా. అతని దగ్గర రెండు రాష్ట్రాల కార్డులు ఉంటాయి. పోటీ ఎటు నుంచి ఆడుతున్నాడో తేలేలోపు గౌరి ఓడిపోవాలి.

వేదిక_కాపరి

రాష్ట్రాల గొడవ ఇక్కడికి తేకండి. జోకు వరకు బాగుంది.

పర్లాకిమిడి_పంతులు

నాయనా, పది తప్పి, చదవని లిపి నేర్చుకుని 112 భాగాలు రాశావా? మా బడిలో ఉండి ఉంటే నీకు తెలుగులో మార్కులు వేసేవాడిని కాదు గానీ టీ తాగించేవాడిని. 113 పెట్టే ముందు నాకు పంపు. ఎ, ఏ, ఒ, ఓ వరకు చూస్తాను. పఖాళ ముట్టుకోను. జంతువుల పేర్లు మనవరాలు చూస్తుంది.

సిరోంచ_స్నార్లాక్స్

పంతులు గారూ, నావి కూడా చూస్తారా? నెల ఒక్కటి వదిలేయండి.

నాగావళి_పికా

113 పెట్టాను. ఇక్కడ చివరి ముక్క మాత్రం. తొందరలో పంతులు గారికి పంపకుండానే పెట్టేశాను, క్షమించాలి.

“బండి రెండు గంటలు ఆలస్యం. ఆ రెండు గంటల్లోనే అంతా అయిపోయింది. నాగావళి మీది వేలాడే వంతెన ఇంకా ఊగుతోంది. గౌరి డాన్‌ఫాన్ ముందు కాళ్లు మడిచి కూలబడింది. అవతలి చివర నిలబడ్డ కుర్రవాడు గులాబీ, నీలం రంగుల జీవిని వెనక్కి పిలిచాడు. దాని ఒళ్లంతా మూలలే, కాగితం మడిచి చేసినట్టుంది. ‘దీన్ని ఎక్కడా చూడలేదే’ అంది గౌరి. ‘చూడనివ్వరు’ అన్నాడు అతను. గౌరికి ఏడుపు రాలేదు, తుమ్ము వచ్చింది. చీకట్లో పికాచూ వచ్చి మెల్లగా మేడ ఎక్కి కూర్చుంది.”

పోరిగాన్_నిర్దోషి

రెండుసార్లు చదివాను. “చూడనివ్వరు” దగ్గర ఫోను పక్కన పెట్టి కాసేపు బయటికి వెళ్లి వచ్చాను.

జయపురం_జెస్సీ

తుమ్ము! జలుబు చేసింది!

కాంటో_కాపలాదారు

బాగుంది. ఒక్క సందేహం. డాన్‌ఫాన్ బరువు 120 కిలోలు. వేలాడే వంతెన మీదికి ఎలా ఎక్కించారు?

మల్కన్‌గిరి_మ్యూ

అందుకే ఊగుతోంది కదా అన్నా.

గుణుపురం_గెంగార్

మేడ.

నాగావళి_పికా

దిద్దాను.